ముత్యాలకేనా తాళం?

రాత్రి పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణం మూసేటప్పుడు తాళాన్ని ఒకటికి రెండుసార్లు లాగి చూస్తారు. సరుకు తిజోరీలో భద్రం. మరి గల్లాపెట్టె పక్కనున్న ల్యాప్‌టాప్ సంగతి? ఎవరు ఏ హారం కొన్నారు, ఇల్లెక్కడ, ఫోన్ నంబరెంత... అన్నీ అందులోనే. అది దొంగ చేతిలో పడితే ఏ ఇంట్లో నగలున్నాయో చెప్పేసినట్టే!

పాస్‌వర్డ్ ఉందిగా అంటారా? హార్డ్‌డిస్క్ ఊడదీసి మరో కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ పాస్‌వర్డ్‌తో పనే ఉండదు. అక్కడే ఎన్‌క్రిప్షన్ అక్కరకొస్తుంది. తాళంచెవి లేనివారికి సమాచారమంతా అర్థంకాని గజిబిజిగా మారిపోతుంది. విండోస్ ప్రోలో ‘బిట్‌లాకర్’ చేసే పని ఇదే. దీనికో 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. కాగితం మీద రాసి తిజోరీలో దాచాలి. ల్యాప్‌టాప్ సంచిలోనే పెడితే తాళానికి చెవిని వేలాడదీసినట్టే. పారేసుకుంటే యజమానికే ఫైళ్లు దక్కకపోవచ్చు. బ్యాకప్ ఉంచే పెన్‌డ్రైవ్‌కీ ఈ తాళం వేయొచ్చు.

దుకాణం వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఉండాలి. వచ్చిపోయేవారికి వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వాలి. పాస్‌వర్డ్ బయటికి పొక్కితే మాత్రం ఏ తాళమూ ఆగదు.

మన చిన్న కొట్టు జోలికి ఎవరొస్తారనుకోవద్దు. 2024లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ సమాచారమే చోరీ అయింది. ఓ యువకుణ్ని అరెస్టు చేశారు.

అన్నట్టు, రాత్రి ల్యాప్‌టాప్ మూత వేసి వదిలేయకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. తాళం గట్టిగా పడేది అప్పుడే.