చివరి మడికీ నీరందవలెను

చెరువు క్రింది ఆయకట్టుకు నీరు పంచువానిని మన పల్లెలలో నీరటి అందురు. ఎవరి మడికి ఎంత సేపు నీరు వదలవలెనో అతడే చూచుకొనును. అనేక కంప్యూటర్లను ఒక్కటిగా కలిపిన క్లస్టరులోను అట్టి నీరటి కలడు. అదియే షెడ్యూలరు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 2002లో ఆరంభమైన స్లర్మ్ అట్టిదే. ఎవరి పనికి ఏ ప్రాసెసర్లు, ఎప్పుడు ఇవ్వవలెనో అది నిర్ణయించును. కాని ఎన్ని కావలెనో చెప్పవలసినది మనమే.

ఇక్కడనే మన విద్యార్థులు పొరబడుచున్నారని మా అభిప్రాయము. మేమును పొరబడినవారమే. తెలుగు బోధించు మాకు కొన్ని పాత గ్రంథములలోని పదములను లెక్కింపవలసి వచ్చినప్పుడు, ఒక సంస్థ తన క్లస్టరును వాడుకొననిచ్చినది. ఎక్కువ కోరినచో త్వరగా ముగియునని తలచి 32 ప్రాసెసర్లు అడిగితిమి. మా ప్రోగ్రాము ఒక్క ప్రాసెసరుపై నడచునట్లు మాత్రమే వ్రాయబడినది. తక్కిన 31 రాత్రియంతయు ఊరక కూర్చున్నవి. వరుసలో మా వెనుక నిలిచినవారి పనులు తెల్లవారువరకు కదలలేదు. ఆ సిగ్గు మమ్ము నేటికిని వదలలేదు.

ప్రోగ్రాము అనేక ప్రాసెసర్లపై నడచునదైనను దానికొక హద్దు కలదు. 1967లో జీన్ అమ్డాల్ చేసిన వాదము నుండి పుట్టిన సూత్రము ప్రకారము, పనిలో పదవ వంతు ఒకదాని తరువాత ఒకటిగానే జరుగవలసినదైనచో, 16 ప్రాసెసర్లతో వేగము 6.4 రెట్లే. 64 ఇచ్చినను 9 రెట్లు దాటదు. ఎన్ని ఇచ్చినను 10 రెట్లకు చేరదు.

కనుక ముందుగా చిన్న నమూనాను 1, 2, 4, 8 ప్రాసెసర్లపై నడిపి కాలము కొలువవలెను. లాభము సన్నగిల్లిన చోట ఆగవలెను. స్లర్మ్‌లో టాస్కుల సంఖ్య వేరు, ఒక్కొక్క టాస్కునకు ఇచ్చు ప్రాసెసర్ల సంఖ్య వేరు. ఒకే ప్రోగ్రాము అనేక థ్రెడ్లతో నడచునప్పుడు పెంచవలసినది రెండవదానిని. కాలపరిమితిని కూడ నిజమునకు దగ్గరగా తెలుపవలెను. పెద్ద పనికి చోటు కుదురులోపల మిగిలిన ఖాళీలలో చిన్న పనులను ఇముడ్చు బ్యాక్‌ఫిల్ పద్ధతి ఉన్న చోట, మితముగా కోరినవానికి తరచు ముందుగా వంతు వచ్చును. మితము పరోపకారమే కాదు, స్వలాభము కూడ.

2015లో ఆరంభమైన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ క్రింద ఐ.ఐ.టి. హైదరాబాదులో పరమ్ సేవ నెలకొన్నది. రేపు మన విద్యార్థులును అట్టి యంత్రములపై పని చేయుదురు. యంత్రములు కొనుటయందు చూపు శ్రద్ధను, వాటిని పంచుకొను పద్ధతి నేర్పుటయందును చూపవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి. పై మడివారు గండి కొట్టుకొన్నచో చివరి మడి ఎండును. ఆ చివరి మడివాడు మన తోటి విద్యార్థియే.