చుక్కలకు గురి

ఏటా మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు అరసవల్లి సూర్యనారాయణస్వామిని లేత కిరణాలు తాకుతాయి. గుడికి దిక్కు ఒక్కసారి కుదిరితే చాలింది. కంప్యూటరు దుర్భిణికి అలా కాదు. ఏ రాత్రికారాత్రి దిక్కు చెప్పాలి.

శనిగ్రహాన్ని చూపమంటే వట్టి చీకటి చూపిందనుకోండి. అబ్బాయి ముఖం చిన్నబోతుంది, డబ్బు దండగన్నట్టు నాన్నగారు చూస్తారు. యంత్రాన్ని తిట్టకండి. ఊరు, తేదీ, వేళ సరిగా చెప్పారా? 4 నిమిషాలలో ఆకాశం ఒక డిగ్రీ, అంటే రెండు చందమామలంత, జరుగుతుంది.

శ్రీకాకుళంలో ధ్రువుడు సుమారు 18 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. నాలుగు కొబ్బరిచెట్లు చాలు మరుగుపడడానికి. అందుకని దుర్భిణి కాళ్లు సమంగా నిలిపి, ఎడంగా ఉన్న రెండు చుక్కలను, ఫిబ్రవరి రాత్రులలోనైతే రోహిణిని, మఖను, నడిమధ్యకు తెచ్చి చూపండి. ఆపైన ఆకాశంలో ఉన్న ఏ గ్రహాన్నడిగినా అదే వెతికిపెడుతుంది. అబ్బాయి అమ్మను కేకేస్తాడు.