పల్సర్ల లెక్కలో మన యాంటెన్నాలు

విశ్వమంతటా గురుత్వ తరంగాల అలజడి ఎడతెగకుండా సాగుతోందనడానికి ఆధారాలు దొరికాయని 2023 జూన్ చివర పలు దేశాల శాస్త్రవేత్తలు ఒకేసారి ప్రకటించారు. అందులో పుణె సమీపంలోని ఖోడద్ రేడియో టెలిస్కోపు జీఎంఆర్‌టీకి, హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులకు భాగముంది. మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాల్సిన ఘనత ఇది.

ఈ ఆధారాలు దొరికింది పల్సర్ల ద్వారా. పల్సర్ అంటే ఆయువు తీరిన నక్షత్రపు అవశేషం. కొన్ని పల్సర్లు సెకనుకు వందలసార్లు తిరుగుతూ, గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపుతాయి. దారిలో గురుత్వ తరంగం ఎదురైతే ఆ స్పందన మనల్ని చేరే సమయం సెకనులో కోటో వంతు అటూ ఇటూ అవుతుంది. ఒక్కో తరంగం మనల్ని దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది. అందుకే యూరప్ బృందంతో కలిసి మనవాళ్లు 25 పల్సర్ల నమోదులను, దాదాపు 25 ఏళ్లవి, జల్లెడ పట్టారు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే భారీ కృష్ణబిలాల జంటలే ఈ తరంగాలకు మూలమని బలమైన అంచనా.

నక్షత్రాల మధ్య తేలాడే ఎలక్ట్రాన్లు కూడా స్పందనలను ఆలస్యం చేస్తాయి. ఆ జాప్యాన్ని విడిగా లెక్కగట్టడంలో, తక్కువ పౌనఃపున్యాలను పట్టే జీఎంఆర్‌టీది అందెవేసిన చేయి. అక్కడ 45 మీటర్ల వ్యాసమున్న 30 యాంటెన్నాలున్నాయి. వాటికి రేకులు కాకుండా సన్నని ఉక్కు తీగల వల బిగించి ఖర్చు తగ్గించింది, ఈ టెలిస్కోపును నిర్మించిన శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం.

ఇంత సున్నితమైన పరికరానికి పొరుగున వచ్చే ప్రతి మొబైల్ టవరూ, విద్యుత్ రైలు మార్గమూ ముప్పే. పుణె-నాసిక్ వేగ రైలు మార్గంపై శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పింది అందుకే. అభివృద్ధి పనులకు వేరే దారులు వెతకవచ్చు. ఈ టెలిస్కోపును మాత్రం ఎత్తి మరోచోట పెట్టలేం. ఆ ప్రాంతంలో కొత్త నిర్మాణమేదైనా మొదలుపెట్టే ముందే కేంద్రం, మహారాష్ట్ర ప్రభుత్వం జీఎంఆర్‌టీ అనుమతిని తప్పనిసరి చేయాలి.