చింపాంజీల అడవికి ప్రయాణం

పిల్లలూ, మన దేశపు అడవులలో పులి ఉన్నది, సింహం ఉన్నది, ఏనుగు ఉన్నది. చింపాంజీ మాత్రం లేదు. జంతు ప్రదర్శనశాలలో కాక దాని సొంత ఇంట్లో దాన్ని చూడాలంటే ఆఫ్రికా ఖండానికి పోవలసిందే. ఆ ప్రయాణానికి ఎలా సిద్ధం కావాలో ఈ నెల తెలుసుకుందాం. మీలో కొందరైనా పెద్దయిన తరవాత వెళ్ళకపోరు. తక్కినవాళ్ళు ఈ పుట మీదుగానే ఒకసారి వెళ్ళి వద్దురు గాని!

ముందు ఒక సంగతి. చింపాంజీ కోతి కాదు. మన ఊళ్ళలో తిరిగే కోతికీ, కొండముచ్చుకూ తోక ఉంటుంది. చింపాంజీకి తోక లేదు. గొరిల్లా, ఒరాంగుటాన్‌ల లాగా అది నరవానర జాతికి చెందినది. జంతువులన్నిటిలోనూ మనకు అతి దగ్గరి చుట్టాలలో అది ఒకటి. ఈ చుట్టరికాన్ని బాగా గుర్తుంచుకోండి. దీనితో మనకు ముందు పని ఉన్నది.

ఇప్పుడు ఆఫ్రికా పటం తీయండి. తూర్పు భాగంలో పెద్ద చెరువులా విక్టోరియా సరస్సు కనిపిస్తుంది. దాని ఉత్తరపు ఒడ్డున యుగాండా దేశం ఉన్నది. విమానం దిగేది ఎంటెబీలో. అక్కడి నుంచి రాజధాని కంపాలా మీదుగా వాయవ్య దిక్కుగా పోతే మసిండి అనే ఊరు వస్తుంది. ఆ ఊరు దాటితే బుడోంగో రిజర్వు అడవి. ఆకాశాన్ని అంటే మహాగని చెట్లకు ఈ అడవి పేరు పొందింది. ఇందులో కొన్ని వందల చింపాంజీలు నివసిస్తున్నవి. వెర్నన్ రేనాల్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1962లోనే ఇక్కడికి వచ్చి వాటిని పరిశీలించాడు. ఆయనే 1990లో ఇక్కడ ఒక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పాడు.

ఎప్పుడు వెళ్ళాలి? మన బడులకు ఎండాకాలం సెలవులు ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. సరిగ్గా అప్పుడే అక్కడ వానలు! దారులన్నీ బురద. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు తక్కువ. అంటే మన సంక్రాంతి రోజులే మంచి అదను.

బయలుదేరేముందు చేయవలసిన పనులు చాలా ఉన్నవి. పాస్‌పోర్టు, వీసా సరే సరి. పచ్చజ్వరం రాకుండా టీకా వేయించుకుని ఆ పత్రం వెంట ఉంచుకోవాలి. దాన్ని ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ పత్రం లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలో కూడా విమానాశ్రయం దగ్గర ఆపి, కొన్ని రోజులు విడిగా ఉంచుతారు. మలేరియాకు ఏ మందు వాడాలో వైద్యుణ్ణి అడగాలి. అడవిలోకి పోవటానికి అనుమతి చీట్లు ముందుగానే కొనుక్కోవాలి. రోజుకు ఇంతమంది అని లెక్క ఉన్నది గనక, అక్కడికి పోయి చూసుకుందాంలే అంటే దొరక్కపోవచ్చు. చిన్నపిల్లలను అడవిలోకి రానివ్వరు. ఎన్నేళ్ళ వయసు ఉండాలో చీటీ కొనేముందే కనుక్కోవాలి. లేకపోతే అమ్మానాన్నలు లోపలికి వెళ్ళటం, మీరు బయట కూర్చోవటం అవుతుంది!

మూటలో ఏం సర్దాలి? పొడుగు చేతుల చొక్కా, పొడుగు పంట్లాం, గట్టి బూట్లు, వాన కోటు, మంచినీళ్ళ సీసా. మెరిసిపోయే రంగులు వద్దు. పంట్లాం అంచులను మేజోళ్ళలోకి దోపుకోవాలి. ఎందుకంటే ఆ అడవిలో బారులు తీరి నడిచే చీమలు ఉన్నవి. వాటి బారు మీద కాలు వేశారో, ఇక గంతులే!

ఇక తెల్లవారింది. దారి చూపేవాడు ముందు, మీరు వెనక. చింపాంజీని వెతకటానికి కళ్ళకన్న చెవులు ఎక్కువ పనిచేస్తాయి. ఉన్నట్టుండి దూరాన “హూ... హూ... హూ” అని మొదలై, కేకలుగా పెరిగే అరుపు వినిపిస్తుంది. పెద్ద చెట్ల మొదళ్ళలో పలకల్లాంటి వేళ్ళు ఉంటాయి. మగ చింపాంజీలు వాటిని కాళ్ళతో, చేతులతో తప్పెట కొట్టినట్టు కొడతాయి. ఆ మోత దూరంగా ఉన్న తోటివాళ్ళకు కబురు. పైకి చూస్తే కొమ్మలు వంచి, ఆకులు పరిచి కట్టిన పక్కలు కనిపిస్తాయి. చింపాంజీ రోజూ సాయంకాలం కొత్త పక్క వేసుకుంటుంది. మేడి, మర్రి జాతి చెట్లు కాపుకు వస్తే ఆ చెట్ల మీద విందు జరుగుతుంది.

అయినా అవి కనిపిస్తాయనే నమ్మకం లేదు. గుంపు అంతా ఒక్కచోట ఉండదు. పొద్దున నలుగురు ఇటు, అయిదుగురు అటు విడిపోయి, మళ్ళీ కలుస్తూ ఉంటారు. కనుక ఒకటి రెండు గంటలు నడవవలసి రావచ్చు, రోజంతా తిరిగినా చూడలేకపోవచ్చు.

వాటి తెలివి గురించి ఒక ముచ్చట చెబుతాను. బుడోంగో చింపాంజీలు ఆకులను నమిలి ముద్ద చేసి, చెట్టు తొర్రలోని నీటిలో ముంచి, పీల్చి తాగుతాయి. 2011లో నిక్ అనే మగ చింపాంజీ ఆకులకు బదులు నాచుతో ముద్ద చేసింది. శాస్త్రజ్ఞులు చూస్తూనే ఉన్నారు. ఆరు రోజులలో మరి ఏడు చింపాంజీలు ఆ పని చేశాయి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నాయన్నమాట!

ఇప్పుడు మొదట చెప్పిన చుట్టరికం సంగతికి వద్దాం. మనకు వచ్చే జబ్బులు చాలావరకు చింపాంజీలకూ వస్తాయి. యుగాండాలోనే కిబాలె అనే మరో అడవి ఉన్నది. 2013లో అక్కడ ఒక గుంపులో దగ్గు, ఆయాసం మొదలై, 56 చింపాంజీలలో అయిదు చనిపోయాయి. వాటిలో రెండేళ్ళ పిల్ల ఒకటి. పరీక్షించి చూస్తే, కారణం మనుషులకు జలుబు తెచ్చే రైనోవైరస్‌లలో ఒకటి! మనం రెండు రోజులు ముక్కు చీదుకుని మరిచిపోయే జబ్బు వాటి ప్రాణం తీసింది.

అందుకే నియమాలు. చింపాంజీలకు కనీసం ఎనిమిది పది మీటర్ల దూరాన నిలబడాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. వాటి ఎదుట తినకూడదు, ఉమ్మకూడదు. అవి కనిపించిన తరవాత గంటకు మించి ఉండకూడదు. జబ్బు ఉన్నవాళ్ళు అసలే వెళ్ళకూడదు.

ఆ చివరి నియమం చెప్పటం తేలిక, పాటించటం కష్టం. ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టి, సముద్రం దాటి వచ్చి, ఆ రోజు పొద్దున లేచేసరికి గొంతు గరగరమంటే? దారి చూపేవాడికి మీ గొంతులో గరగర తెలియదు. మీరు చెబితేనే తెలుస్తుంది. చెబితే బసలో ఉండిపోవాలి. చెప్పకపోతే ఏ గుంపులో ఏ తల్లి బిడ్డను పోగొట్టుకుంటుందో! చెప్పటమే మనిషితనం. ఆ కష్టం తెలిసిన పెద్దలు ముందే ఉపాయం ఆలోచిస్తారు. చీటీ డబ్బు తిరిగి ఇస్తారో లేదో కనుక్కుంటారు, ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకుంటారు. బుడోంగోకు ఉత్తరాన మర్చిసన్ జలపాతం ఉన్నది. అంత పెద్ద నైలు నది ఏడు మీటర్ల సందులో ఇరుక్కుని నలభై మీటర్లకు పైగా కిందికి దూకుతుంది. ఒకరు చింపాంజీలను చూడలేకపోయినా, ఇల్లంతా కలిసి చూడదగినది అది.

మనుషుల వల్ల వచ్చే ఆపద ఇంకొకటి ఉన్నది. అడవిపందుల కోసం, చిన్న జింకల కోసం పల్లెవాళ్ళు వేసే తీగ ఉచ్చులలో చింపాంజీల చేతులు చిక్కుకుంటాయి. వేళ్ళు పోయినవి, చెయ్యి పోయినవి బుడోంగోలో కనిపిస్తాయి. ఆకలి వల్ల ఉచ్చు వేసేవాణ్ణి తిట్టి లాభం లేదు. అందుకే ఒకప్పుడు ఉచ్చులు వేసినవాళ్ళకే వాటిని ఏరివేసే కొలువు ఇచ్చారు. ఉచ్చు ఎక్కడ దాగి ఉంటుందో వాళ్ళకన్న ఎవరికి బాగా తెలుసు?

పిల్లలూ, ఈ ప్రయాణానికి సాధన ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మీ ఊళ్ళో కోతుల గుంపు ఉంటే, పెద్దవాళ్ళను తోడు తీసుకుని దూరంగా కూర్చోండి. ఏమీ తినిపించవద్దు, పిలవవద్దు. ఒక గంట కదలకుండా చూసి, ఎవరు ముందు తిన్నారు, పిల్లను ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు ఎవరికి పేలు చూశారు అన్నది పుస్తకంలో రాసుకోండి. గంటసేపు ఊరకే చూడగలిగినవాడికి బుడోంగో అడవి ఎంతో దూరం కాదు!