బిడ్డ లోపల, తల్లి బయట

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా పసిపిల్లల ప్రత్యేక వార్డు గుమ్మం ఎలా ఉంటుందో చూసినవారికి తెలుసు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ లోపల ఒకటి ఉంటే, బయట పదిమంది ఉంటారు. నాయనమ్మ, మేనత్తలు, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు. అందరూ ప్రేమతోనే వస్తారు. "ఒక్కసారి బిడ్డ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి వచ్చేస్తాం సిస్టర్" అని అడుగుతారు. ఆ గుంపులో కనబడని మనిషి కన్నతల్లి ఒక్కతే. ఆమె పై అంతస్తులో చెవుల్లో దూది పెట్టుకొని, దుప్పటి కప్పుకొని పడుకొని ఉంటుంది. బాలింత మెట్లు దిగకూడదట, గాలి తగలకూడదట.

మా అభిప్రాయం సూటిగానే చెబుతాము. లోపలికి రావలసింది ఆ పదిమంది కాదు, ఆ తల్లి.

ఈ మాట అనే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు మేమే తల్లులను గుమ్మం బయట ఉంచాము. రోజుకు రెండుసార్లు అద్దంలోంచి చూపించి పంపేవాళ్లం. తల్లి వస్తే క్రిములు వస్తాయని, మా పనికి అడ్డమని అనుకున్నాము. "బిడ్డను బాక్సులో పెట్టాం, మీరు నిశ్చింతగా ఉండండి" అనేవాళ్లం. ఆ మాట విని తల్లి ఇక తనకు పనేమీ లేదనుకొనేది. పిండకపోవడం వల్ల రొమ్ములు గడ్డకట్టేవి, తరువాత పాలు తగ్గిపోయేవి. బిడ్డ కోలుకొని ఇంటికి వెళ్లే వేళకు తల్లి దగ్గర పాలు లేవు, బిడ్డను ఎత్తుకొనే ధైర్యమూ లేదు.

తక్కువ బరువు బిడ్డకు వచ్చే ఆపద చప్పుడు చేయదు. రెండున్నర కిలోల కంటే తక్కువ ఉన్న బిడ్డకు, 37 వారాలు నిండక ముందే పుట్టిన బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ. త్వరగా చల్లబడిపోతుంది. చల్లబడితే వేడి పుట్టించుకోవడానికి ఒంట్లో ఉన్న చక్కెర ఖర్చవుతుంది. చక్కెర తగ్గితే పాలు తాగే ఓపిక ఉండదు, ఊపిరి కూడా బలహీనపడుతుంది. అందుకే మా సిస్టర్లు మాటిమాటికీ బిడ్డ పొట్టను, అరికాళ్లను చేత్తో ముట్టి చూస్తారు. పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్లు చల్లగా ఉంటే బిడ్డ చలితో పెనుగులాడుతోందని అర్థం. చంకలో థర్మామీటరు పెడితే 36.5 నుండి 37.5 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉండాలి. ఊపిరిని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెడతారు, ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి ఒకే తీరుగా ఉండదు. 60 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరేసినా, మూలిగినా వెంటనే డాక్టరును పిలుస్తారు.

ఇంటివాళ్లేమో "ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని మురిసిపోతారు. ఆ మాట వింటే మాకు గుండె జారుతుంది.

ఒక సిస్టరు ఒకేసారి నలుగురైదుగురు బిడ్డలను చూసుకోవాలి. తల్లి చూసుకొనేది ఒక్కరినే. "సిస్టర్, పొద్దుటినుంచి తాగడం తగ్గించాడు, ఒళ్లు మెత్తగా వేలాడుతోంది" అని తల్లి చెప్పిన మాట మా థర్మామీటరు కంటే ముందే మమ్మల్ని హెచ్చరించిన రోజులు ఉన్నాయి. ఇంక్యుబేటరు అలా చెప్పలేదు.

కంగారూ సంరక్షణ అనే పద్ధతి 1970ల చివర కొలంబియా దేశపు బొగొటా నగరంలో మొదలైంది. డాక్టర్ ఎడ్గార్ రేయ్ సనబ్రియా అక్కడ ఇంక్యుబేటర్లు చాలక, బిడ్డలను తల్లుల రొమ్ముల మధ్య కట్టించారు. అది పేదవారి ఉపాయమని చాలామంది తేలికగా తీసుకొన్నారు, మేమూ వారిలో ఉన్నాము. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపించిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. మన దేశంతో పాటు ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా దేశాల ఆసుపత్రుల్లో, కిలో నుండి కిలో 799 గ్రాముల వరకు బరువున్న 3,211 మంది బిడ్డలను చూశారు. స్థిమితపడేదాకా ఆగి తల్లికి ఇచ్చిన బిడ్డల్లో నెల లోపు చనిపోయినవారు నూటికి సుమారు 16 మంది. పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి చేర్చిన బిడ్డల్లో 12 మంది. 2022 నుండి ఆ సంస్థ ఇటువంటి బిడ్డలకు రోజుకు 8 నుండి 24 గంటల వరకు ఈ సంరక్షణ ఇవ్వాలని చెబుతోంది. సొంతంగా ఊపిరి తీసుకోలేక వెంటిలేటరు మీద ఉన్నవారికి, షాకులో ఉన్నవారికి మాత్రం ఆగాలి.

చేసేది కష్టమేమీ కాదు. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ ఉంటే చాలు. నిలువుగా రొమ్ముల మధ్య ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, మెడ వంగిపోకుండా గుడ్డతో కట్టుకోవాలి. ముక్కులో పాలగొట్టం ఉన్నా చేయవచ్చు. పీల్చే బలం వచ్చేవరకు పిండిన పాలను గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో సిస్టర్లు పడతారు. తల్లి భోజనానికి వెళ్లినప్పుడు తండ్రి కూర్చోవచ్చు, ఆయన ఛాతీ కూడా వెచ్చగానే ఉంటుంది. సిగ్గుపడే తండ్రులు మొదటి రోజు మాత్రమే సిగ్గుపడతారు.

అత్తగార్లకు, అమ్మమ్మలకు ఒక మనవి. పురుడు, మైల మనకు లేవని చెప్పుకొనే కుటుంబాల్లో కూడా బాలింతను మంచం దిగనివ్వరు, పథ్యం పేరుతో మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. పాలు పడాలంటే ఆమె కడుపునిండా తినాలి, దాహం తీరా తాగాలి. ఆపరేషను అయినవారిని డాక్టరు సరేనన్న వెంటనే చక్రాల కుర్చీలో మేమే తీసుకువస్తాము. ఫరో కుమార్తె మోషేకు దాదిని వెదికించినప్పుడు దొరికింది కన్నతల్లి యోకెబెదే కదా. రాజభవనంలో సేవకులు లేకనా?

ఇక సంఘాలకు. పోయిన సంవత్సరం కూడా వార్మర్లు కానుకగా ఇస్తామని, దాని మీద పేరు రాయించమని కొందరు వచ్చారు. కృతజ్ఞులము. అయితే మా వార్డులో ప్రస్తుతం తల్లులు వెనక్కి వాలి కూర్చొనే కుర్చీలు రెండే ఉన్నాయి. మూడో తల్లి ప్లాస్టిక్ కుర్చీలో బిడ్డను కట్టుకొని కూర్చుంటే రెండు గంటలకే నడుము పట్టేసి లేచిపోతోంది. కుర్చీ మీద పేరు రాయించుకొంటామని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మేము రాయిస్తాము.

తల్లికి రాత్రి పగలు ఎప్పుడైనా తలుపు తీస్తాము. మోచేతుల వరకు సబ్బుతో చేతులు కడుక్కొని, ఉంగరాలు, గాజులు తీసి వస్తే చాలు. ప్రార్థనకు వచ్చినవారి కోసం చాపెల్ సాయంత్రం 6 గంటలకు తెరిచి ఉంటుంది. బిడ్డ తల్లి పేరు చీటీ మీద రాసి బల్ల మీద పెట్టండి. రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్లు ఆ చీటీలు చదివాకే వార్డులోకి వెళ్తారు.