మిరపకాయ – మన ఆరోగ్యం

తెలుగువారి వంటింట మిరపకాయకు ఉన్న గౌరవం మరే దినుసుకూ లేదనడం అతిశయోక్తి కాదు. పౌరుషవంతుణ్ణి ‘ఉప్పూ కారం తినేవాడు’ అని మెచ్చుకోవడం మన నుడికారంలోనే ఉన్నది. అయినా ఇది మన నేలపై పుట్టిన పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ కాయను పోర్చుగీసువారు ఓడలలో తెచ్చి మనకు పరిచయం చేశారు. అంతకు పూర్వం మన వంటలకు ఘాటునిచ్చినవి మిరియాలే. అందుకే ఉర్దూ కొత్త కాయకూ పాత పేరే పెట్టి, కాలీ మిర్చ్, లాల్ మిర్చ్ అని రంగును బట్టి వేరు చేసింది.

ఈ మిరపకాయ సర్వరోగ నివారిణి అన్న ప్రచారం నేడు తరచుగా వినవస్తున్నది. అందులో సత్యమెంతో విచారించడం విద్యావంతులమైన మన విధి.

మిరప సుగుణాలు కేవలం కల్పితాలు కావు. హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1930ల నాటి తన పరిశోధనలలో సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేసినది మిరపజాతి కాయల నుండే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మిరప మంటకు మూలమైన కాప్సైసిన్, వేడిని గుర్తించే నాడీ గ్రాహకాన్నే ప్రేరేపిస్తుంది గనుక, కాయ చల్లగా ఉన్నా నాలుకకు నిప్పు తాకినట్లు తోస్తుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. కొన్ని రకాల నొప్పులకు కాప్సైసిన్ లేపనాలను వైద్యులు వాడుతున్నారు. చైనాలో దాదాపు 5 లక్షల మందిని పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో, తరచుగా కారం తినేవారిలో మరణాలు కొంత తక్కువగా కనిపించాయి. అది కారం ఫలితమేనని మాత్రం ఆ అధ్యయనం నిరూపించలేదు.

ఇంతవరకు మిరపకు రావలసిన కీర్తి దానికి దక్కవలసిందే. మేము చెప్పదలచిన ముఖ్య విషయం వేరొకటి ఉన్నది. ఎన్నో పేద కుటుంబాలకు అన్నంలోకి ఎర్రకారమే కూర, అదే పప్పు. కారం కలిస్తే ముద్ద సులువుగా దిగుతుంది, కడుపు నిండుతుంది. కాని రక్తానికి కావలసిన ఇనుము, కండకు కావలసిన మాంసకృత్తులు ఆ ముద్దలో చాలినంత ఉండవు. కాయను ఎండబెట్టి దంచేసరికి సి విటమిన్ కూడా చాలావరకు నశిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల వయస్సు గల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అందరికీ వడ్డించి, చివరకు కారంతో అన్నం ముగించే తల్లికి ‘కారం ఆరోగ్యానికి మంచిది’ అని బోధించడం పరిహాసమే అవుతుంది.

కనుక మిరపను దాని స్థానంలో ఉంచుదాం. పప్పులో, ఆకుకూరలో పచ్చిమిరప వేసుకొని, పైన కాస్త నిమ్మరసం పిండుకొందాం; సి విటమిన్ ఆకుకూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. చౌకధరల దుకాణంలో బియ్యంతో పాటు పప్పు కూడా ప్రతి పేద ఇంటికీ అందాలని కోరుదాం. మన ఇళ్లలో తల్లి, చెల్లి పళ్లెంలో ఏమి మిగిలిందో ఈ పూటే చూద్దాం. పప్పుగిన్నె పక్కన ఉన్ననాడే మిరపకాయ గుణగానానికి అర్థముంటుందని మా విశ్వాసం.