అడిగినవాడికల్లా ఆధార్ ఇద్దామా?

పోయిన ఖరీఫ్‌లో కోతకొచ్చిన వరి వానలకు నేలకొరిగినప్పుడు, పంట నష్టం జాబితాలో పేర్లు లేవని మన సభ్యులు ఊరూరా గగ్గోలు పెట్టారు. అప్పుడు మండల వాట్సాప్ గ్రూపులో మేమే ఒక మెసేజ్ పెట్టాం. పేరు రానివాళ్లు ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫొటోలు తీసి పెట్టండి, అర్జీలు రాసి అధికారులకు ఇస్తాం అని. రెండు రోజుల్లో గ్రూపు నిండా కార్డులే. అర్జీలు ఇచ్చాం, తిరిగాం, కొన్ని పేర్లు ఎక్కించగలిగాం. ఆ పని మంచిదే. కానీ ఆ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో ఆ వేళ మేము చూసుకోలేదు. మన సభ్యులతో పాటు పురుగుమందుల డీలర్లు ఉన్నారు, ధాన్యం దళారులు ఉన్నారు, ఎప్పుడో లింకు నొక్కి చేరిన ముక్కూ మొహం తెలియని నంబర్లు ఉన్నాయి.

నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "ఫలానా సర్వే నంబరులో మీకు ఎకరం ఇరవై సెంట్లు ఉంది కదా, మీ ఆధార్ చివరి అంకెలు ఇవే కదా, పీఎం కిసాన్ విడత ఆగిపోయింది, ఇప్పుడొచ్చే ఓటీపీ చెప్పండి" అని. సెంట్లతో సహా భూమి లెక్క చెప్పేవాడిని రైతు దొంగ అనుకుంటాడా? ఆఫీసు నుంచే చేస్తున్నారనుకుంటాడు. మినుములు అమ్మిన డబ్బు ఒక సభ్యుడు అలాగే పోగొట్టుకున్నాడు. ఆ వివరాలు మన గ్రూపు నుంచే పోయాయని రుజువు చేయలేం. పోలేదని చెప్పే ధైర్యమూ మాకు లేదు. అందుకే ఈ వ్యాసాన్ని ఇతరుల తప్పుతో కాక మా తప్పుతోనే మొదలుపెట్టాం.

ఇప్పుడు ఈ సంగతి రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మద్దతు ధర మీద ధర్నా జరిగిన వారం, మన సంఘం పేజీ నడిచే ఒక సామాజిక మాధ్యమంలో పేజీ మూతపడింది. పేజీ చూసే కుర్రాడు తన ప్రభుత్వ గుర్తింపు కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపాలని, ఫోను ముందు ముఖం అటూ ఇటూ తిప్పి వీడియో ఇవ్వాలని ఆ కంపెనీ అడిగింది. ఇస్తేనే పరిశీలిస్తుందట. జిల్లా కమిటీలో దీని మీద గంటన్నర చర్చ జరిగింది. ఒక సీనియర్ నాయకుడు అన్న మాట తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు: "యూరియా బస్తా కావాలన్నా వేలిముద్ర వేస్తున్నాం. సిమ్ కొంటే ఇస్తున్నాం. రేషన్‌కు ఇస్తున్నాం. వీళ్లకిస్తే కొత్తగా పోయేదేముంది?"

పోయేది ఉంది. చేను కంచె ఇప్పటికే నాలుగు చోట్ల తెగిందని ఐదో చోట మనమే తెంపుకోం కదా. పైగా ఎరువుల దుకాణం మన ఊళ్లో ఉంది. తేడా వస్తే వెళ్లి నిలదీస్తాం, పదిమందిని తీసుకెళ్తాం. ఆ కంపెనీ తలుపు ఎక్కడుందో మనకు తెలియదు. మనం పంపిన కార్డును ఎవరు చూస్తారో, ఏ దేశంలో దాస్తారో, ఎన్నేళ్లు ఉంచుతారో తెలియదు. చాలాసార్లు కార్డులు సరిచూసే పనిని కంపెనీ స్వయంగా చేయదు, ఇంకో కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. అంటే మనం నమ్మింది ఒకరిని, మన కార్డు చేరింది ఇంకొకరికి.

ఇవి ఊహించి భయపడే మాటలు కావు. కుర్రాళ్లు ఆటలాడుతూ మాట్లాడుకునే డిస్కార్డ్ అనే వేదిక ఉంది. వయసు తేల్చడం కోసం వాడకందారులు పంపిన ప్రభుత్వ గుర్తింపు కార్డుల ఫొటోలు సుమారు 70,000 మందివి బయటికి పోయి ఉండవచ్చని 2025 అక్టోబరులో ఆ కంపెనీయే ఒప్పుకుంది. దొంగలు పడింది దాని సొంత గోదాములో కాదు, దానికి కస్టమర్ సేవలు అందించే బయటి సంస్థ దగ్గర. ట్విట్టర్‌దీ ఇలాంటి కథే, కాకపోతే అక్కడ దొంగలు అక్కర్లేకపోయింది. ఖాతా భద్రత కోసమని జనం ఇచ్చిన ఫోన్ నంబర్లను, ఈమెయిళ్లను ప్రకటనల వ్యాపారానికి వాడుకున్నందుకు 2022లో అమెరికా ప్రభుత్వం ఆ కంపెనీ మీద 15 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. విత్తనాలకని తీసుకున్న అప్పు పెళ్లికి వాడితే బ్యాంకు మనల్ని ఎన్ని మాటలంటుందో గుర్తుచేసుకోండి.

అందరికంటే పెద్ద పాఠం దక్షిణ కొరియాది. పేరు దాచుకుని తిట్టేవాళ్లను అదుపు చేయాలని 2007లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు అసలు పేరు, పౌర నమోదు సంఖ్య రుజువు చేసుకోవాలి. ఆ పౌర నమోదు సంఖ్య మన ఆధార్ లాంటిదే, పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్కటే. కంపెనీల దగ్గర ఆ వివరాలు కొండల్లా పేరుకున్నాయి. 2011 జూలైలో నేట్, సైవరల్డ్ అనే రెండు సేవల నుంచి మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగలపాలయ్యాయి. ఆ దేశ జనాభాయే సుమారు ఐదు కోట్లు! మరుసటి ఏడు ఆగస్టులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. చట్టం వచ్చాక చెడ్డ రాతలు చెప్పుకోదగినంతగా తగ్గిన దాఖలా లేదని, జనం మాట్లాడే స్వేచ్ఛ మాత్రం దెబ్బతిందని తేల్చింది.

మన దగ్గర కూడా ఈ ఆలోచన పుట్టకపోలేదు. సామాజిక మాధ్యమాల ఖాతాలకు ఆధార్ ముడిపెట్టాలని 2018లోనే మద్రాసు హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల ఉద్దేశం చెడ్డదని మేము అనం. మన మహిళా నాయకురాళ్ల ఫొటోల కింద దొంగ పేర్లతో ఎంత నీచంగా రాస్తారో చూస్తూనే ఉన్నాం. ఒక సోదరి ఆ రాతలు భరించలేక నాలుగు నెలలు సభలకు రావడమే మానేసింది. అలాంటివాడి చిరునామా పోలీసులకు దొరకాల్సిందే. దొరుకుతుంది కూడా, పట్టించుకుంటే. కేసు కడితే ఫోన్ నంబరుతో, ఇంటర్నెట్ వాడిన ఆనవాళ్లతో వెతికే దారులు ఉన్నాయి. ఆమె ఫిర్యాదు పట్టుకుని స్టేషనుకు రెండుసార్లు వెళ్లాం. లేనిది దారి కాదు, కదలిక. ఒక్కడిని పట్టుకోవడానికి ఊరందరి ఇంటి తాళాలు కంపెనీకి అప్పగించమంటే ఎలా?

రైతు ఉద్యమానికి ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. ఢిల్లీ సరిహద్దుల్లో పోరాటం సాగుతుండగా 2021 ఫిబ్రవరి 1న కిసాన్ ఏక్తా మోర్చా, ట్రాక్టర్ టు ట్విట్టర్ సహా సుమారు 250 ఖాతాలు ట్విట్టర్‌లో కనపడకుండా పోయాయి. కేంద్ర ప్రభుత్వం అడిగింది, కంపెనీ మూసింది. గొడవ కావడంతో అదే రోజు మళ్లీ తెరిచింది. తర్వాత వెయ్యికి పైగా ఖాతాలు మూయాలని ప్రభుత్వం మళ్లీ అడిగింది. అదే నెలలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం, అధికారం ఉన్న సంస్థ రాతపూర్వకంగా అడిగితే ఖాతాదారు గురించి తన దగ్గరున్న సమాచారాన్ని కంపెనీ 72 గంటల్లోగా ఇవ్వాలి. తన దగ్గరున్నదే ఇవ్వగలదు. ఈ రోజు ఫోన్ నంబరు ఉంటే ఫోన్ నంబరు ఇస్తుంది. రేపు ఆధార్ ఉంటే ఆధార్ ఇస్తుంది, ముఖం ఉంటే ముఖం ఇస్తుంది. భూసేకరణకు వ్యతిరేకంగా ఊళ్లో ఎవరు వీడియో పెట్టారు, కలెక్టరు ఆఫీసు ముందు ఎవరు లైవ్ ఇచ్చారు అన్నది పింఛను సంఖ్యకు, రేషన్ కార్డుకు అతికిపోతే, రెండో వీడియో పెట్టేవాడు ఎవరు? కౌలు రైతు పెడతాడా? భూమి యజమానికి కోపమొస్తుందనే భయంతో కౌలు కార్డు అడగడానికే వెనకాడేవాడు!

ఆధార్ నంబరు తెలిస్తే మాత్రం ఏం చేయగలరు అని అడిగేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2018 జూలైలో అప్పటి ట్రాయ్ చైర్మన్ ఆర్.ఎస్. శర్మ, అంతకుముందు ఆధార్ సంస్థకు తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసినాయన, తన ఆధార్ నంబరు ట్విట్టర్‌లో పెట్టి, దీనితో నాకేం హాని చేస్తారో చేయండి అని సవాలు విసిరారు. గంటల్లోనే ఆయన ఫోన్ నంబరు, చిరునామా వంటివి జనం బయటపెట్టారు. అవి ముందు నుంచీ ఇంటర్నెట్‌లో ఉన్నవేనని సమర్థించుకున్నారు. అసలు తమాషా తర్వాత జరిగింది. ఆయన పేరున, ఆయన ఆధార్‌తో పీఎం కిసాన్‌లో రైతుగా నమోదు జరిగి, మూడు విడతల్లో 6,000 రూపాయలు పడ్డాయని 2020లో పత్రికల్లో వచ్చింది. నిజంగా దుక్కి దున్నే మనవాళ్లు ఈ-కేవైసీ సరిపోలేదని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతుంటే, ఢిల్లీ అధికారి ఇంట్లో కూర్చునే రైతయ్యారు.

భూమి కాగితాల సంగతి ఇంకా ఘోరం. పెద్దపల్లి జిల్లాలో 2018లో ఒక సిమ్‌ల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు అచ్చులుగా పోసి, వేల సిమ్‌లు అమ్మినట్టు చూపించి పట్టుబడ్డాడు. అమ్మకాల లక్ష్యం పూర్తి చేయడానికి అంత పని చేశాడు. ఏటీఎం పిన్ పోతే మార్చుకుంటాం, ఫోన్ నంబరు పోతే మార్చుకుంటాం. బొటనవేలు మార్చుకోలేం. ముఖమూ అంతే. అందుకే కార్డు కంటే ఆ ముఖం వీడియో అడగడమే మాకు ఎక్కువ కలవరం కలిగించింది.

చట్టం లేదా అంటే, ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. కానీ చదివితే మనకు తెలిసిన పంటల బీమానే గుర్తొస్తుంది. మన వివరాలు పోగొట్టిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు. అది ఖజానాకు పోతుంది. నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టం సెక్షన్‌ను ఈ కొత్త చట్టమే తీసేస్తోంది. ప్రభుత్వ శాఖలకు మినహాయింపులిచ్చే వీలు దండిగా ఉంది. అంతటితో ఆగలేదు. వ్యక్తిగత సమాచారం అనే పేరు చెప్పి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చేసింది. నష్టపరిహారం ఎవరెవరికి ఇచ్చారో చెప్పమని మనం దరఖాస్తు పెడితే, అది గోప్యం అని తిప్పికొట్టడానికి ఆఫీసులకు ఒక సాకు దొరికింది. మన కార్డులు కంపెనీ చేతికి సులువుగా పోవాలి, వాళ్ల జాబితాలు మాత్రం మన చేతికి రాకూడదు!

ఇక పిల్లల వంక ఒకటి వస్తోంది. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఈ చట్టం అంటోంది. కోరదగిన విషయమే. అయితే పిల్లవాడెవరో తేలాలంటే పెద్దవాళ్లు కూడా పెద్దవాళ్లమని రుజువు చూపాల్సి వస్తుంది. ఆ రుజువు ఏ రూపంలో అడుగుతారో కనిపెట్టి ఉండాలి.

జిల్లా కమిటీ చివరికి ఇలా నిర్ణయించింది. సంఘం పేజీ కోసం ఏ కార్యకర్తా సొంత ఆధార్ గానీ, పాసుపుస్తకం గానీ, ముఖం వీడియో గానీ ఏ కంపెనీకీ ఇవ్వడు. పేజీ తెరవకపోతే పోనివ్వండి. ఇద్దరు సభ్యులు దీనికి ఒప్పుకోలేదు. పేజీ లేకపోతే కుర్రాళ్లు మనవైపు రారని వారి బాధ, అదీ నిజమే. తప్పనిసరై ఎక్కడైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్డ్ ఆధార్ ఇవ్వాలి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో దాన్ని ఉచితంగా దించుకోవచ్చు. వేలిముద్రను లాక్ చేసుకునే వీలు కూడా అక్కడే ఉంది. కానీ లాక్‌లో ఉన్నంతకాలం రేషన్ దగ్గర, యూరియా దగ్గర వేలు పడదు, ప్రతిసారీ తెరుచుకోవాలి. స్మార్ట్‌ఫోన్ చేతగాని పెద్దవాళ్లను ఆ ఇబ్బందిలోకి దించమని మేము చెప్పం. మీ పేరున ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో సంచార్ సాథీలో చూసుకోండి. "పీఎం కిసాన్" అని పేరు పెట్టుకుని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును ఎవరు పంపినా, చివరికి మేము పంపినా, తెరవకండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

మండల గ్రూపులో మేము పెట్టించిన ఫొటోలను తీసేయించడానికి ఒక రోజంతా పట్టింది. పాత మెసేజులను అందరి ఫోన్లలోంచీ చెరిపే వీలు లేదు, ఫొటోలు అప్పటికే చాలా ఫోన్ల గ్యాలరీల్లో చేరిపోయాయి. చేయగలిగింది చేశాం. తెలియని నంబర్లను తొలగించాం, డీలర్లకు, దళారులకు దండం పెట్టి పంపాం. ఈ రబీ నుంచి పంట నష్టం అర్జీలకు కాగితాల జిరాక్సులు చేతికే ఇవ్వండి. జిరాక్సు మీద "పంట నష్టం అర్జీ కోసం మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. మండల కార్యదర్శులు ప్రతి శుక్రవారం సంఘం ఆఫీసులో ఉంటారు. అర్జీ పని ముగిశాక మీ జిరాక్సు మీకే తిరిగి ఇచ్చేస్తారు, అడిగి తీసుకోండి.